గుడ్డి గుర్రం హోంవర్కు

కింది వాటాలో ఉండే టైపు తాతయ్య ముప్పై ఏళ్లు ఒక ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలు టైపు చేసి రిటైరయ్యాడు. పై అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ, తొమ్మిదో తరగతి చదివే కూతుర్ని సాయంత్రాలు హోంవర్కుకు ఆయన దగ్గరికి పంపేది. గ్రామరు ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. ‘హి గో’ అని రాస్తే, “పాపం, ఒంటరివాడు తల్లీ! ‘గో’ పక్కన ఒక ‘ఇ, ఎస్’ తోడివ్వు” అనేవాడు. పిల్ల నవ్వుకుంటూ దిద్దుకునేది.

ఒకరోజు గానుగ తిప్పే గుడ్డి గుర్రం మీద పోయెం వచ్చింది. దాని భావం ఒక పేజీ రాసుకు రమ్మన్నారు. పిల్ల పెన్ను కొరుకుతూ ఆలోచిస్తుంటే తాతయ్య చెయ్యి ఊరుకోలేదు. తనకు తెలిసిన పెద్దపెద్ద మాటలన్నీ దింపి పేజీ నింపేశాడు. ఆమె దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో నోటుబుక్కులోకి ఎక్కించుకుంది.

మర్నాడు పిల్ల రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు తాతయ్యే మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కాడు. తలుపు తీసిన తల్లి, “దాన్నే అడగండి బాబాయిగారూ” అని ముభావంగా మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

పిల్ల గోడవైపు తిరిగే చెప్పింది. “టీచరు లేపి చదవమన్నారు. చదివా. ‘సర్విట్యూడ్’ అంటే ఏంటని అడిగారు. బానిసత్వమని నాకు తెలీదుగా! క్లాసంతా ఒకటే నవ్వు.”

తాతయ్య తల దించుకున్నాడు. “తప్పు నాదే తల్లీ. సాయం చేస్తున్నాననుకుని నా గొప్ప చూపించుకున్నా.”

“నాకేమనిపించిందో మీరు అడగనే లేదు తాతయ్యా.”

“ఇప్పుడు అడుగుతున్నా, చెప్పు.”

“దానికి కళ్లు లేవు కదా, ఉన్నచోటే తిరుగుతూ చాలా దూరం వచ్చేశాననుకుంటుంది. ఎవరూ నిజం చెప్పకుండా ఉంటే బాగుండు అనిపించింది.”

“అదే రాయి. నీకొచ్చిన మాటల్తోనే” అన్నాడు తాతయ్య.

ఆరు లైన్లు వచ్చాయి. అంతసేపూ ఆయన చేతులు వెనక్కి కట్టుకునే కూర్చున్నాడు.

మర్నాడు బడికి తనే వెళ్లి జరిగింది టీచరుకు చెప్పేశాడు. ఆవిడ ఆ ఆరు లైన్లు చదివి, రెండు తప్పులకు ఎర్రగీత గీసి, క్లాసులో పైకి చదివింది. ఎవరూ నవ్వలేదు. గుర్రానికి నిజం చెప్పాలా వద్దా అని గంట కొట్టేదాకా పిల్లలు వాదించుకున్నారు.

సాయంత్రం పిల్ల గ్రామరు పుస్తకంతో దిగొచ్చింది. “ఈ పాసివ్ వాయిస్ మాత్రం నా బుర్రకెక్కట్లేదు తాతయ్యా, మీరే చెప్పాలి.”

తాతయ్య కళ్లజోడు తుడుచుకుని, ఆమెకు కుర్చీ లాగాడు.