శాంతవ్వ పేరు వెనక మాట

అరబ్బు దేశంలోని వాడి కబీర్‌లో ఎండాకాలం కొళాయి తిప్పితే నీళ్ళు రావు, నిప్పు వస్తుంది. మిద్దె మీది ట్యాంకులో కోడిగుడ్డు వేస్తే ఉడకడమే కాదు, పెంకు కూడా అదే ఒలుచుకుని కూర్చుంటుంది. అందుకే ఆ మూడంతస్తుల ఇంట్లో కాపురాలన్నీ పొద్దున్నే బకెట్లు పట్టుకుని సుబ్బారావు గారి వంటింటి గుమ్మం ముందు వరస కట్టేవి.

సుబ్బారావు గారింట్లో పనిచేసే శాంతవ్వ ఒక్కో బకెట్టు మీదికి వంగి, ఉన్నమాట ఒకటి చెప్పేది.

"నిన్న పప్పుల ఉప్పు ఎక్కువేసిన."

నీళ్ళు చల్లబడేవి.

"మా బిడ్డ సంగీత నర్సు చదువు ఇంకొక్క ఏడాది ఉన్నది."

ఇంకా చల్లబడేవి. ఆ నీళ్ళు పోసుకున్న గుజరాతీ ఆయనకి ఆగస్టులో పట్టిన జలుబు దీపావళి దాకా వదల్లేదు. ఆయన తుమ్మితే మత్రా రేవులో ఓడలు ఊగేవి.

పై వాటాలో ఉండే నస్రీ మాస్టారిది ఈజిప్టు. బళ్ళో చరిత్ర చెబుతాడు. తన బకెట్టు చల్లబడ్డాక ఒకరోజు అన్నాడు: "మా ప్రాచీన భాషలో ఇలాంటివాళ్ళకో మాట ఉంది. మా-ఖెరు. 'మా' అంటే నిజమైన, 'ఖెరు' అంటే గొంతు. నిజమైన గొంతు గలవాడని. పేరుకి ముందు రాదు, వెనకే వస్తుంది. ఆడమనిషికైతే మధ్యలో ఒక 'త్' చేరుతుంది, మాత్-ఖెరు అని."

"మన 'గారు' లాగన్నమాట," అంది సుబ్బారావు భార్య చిట్టి. "శాంతవ్వకి 'గారే'మిటండీ, విడ్డూరం కాకపోతే."

అది తొంభై ఒకటో సంవత్సరం. ఆ శుక్రవారమే సుబ్బారావు తన కొత్త తెల్ల కారు వెనక్కి తీస్తూ ముంతాజ్ మేకని తొక్కించేశాడు. ముంతాజ్ ఆ ఇంటి యజమానురాలు, కింది వాటాలో ఉండే బలూచీ ముసలమ్మ. ఆ మేకకి ఖర్జూరాలు గింజ తీసి పెట్టి పెంచింది. అది కారుకంటే నాలుగు కిలోలు ఎక్కువే తూగేది.

పెద్ద కంపెనీలో పెద్ద అకౌంటెంటు కదా, తప్పయింది అనడానికి సుబ్బారావుకి నోరు రాలేదు. శాంతవ్వ పాచిపోయిన అన్నం పెట్టి చంపిందన్నాడు. మరి మేక పొట్ట మీద ఆ టైరు అచ్చేమిటి అంటే, అది పుట్టుమచ్చ అన్నాడు. ఆమె వీసా రద్దు చేయించి ఆదివారం విమానం ఎక్కిస్తానని కూడా అన్నాడు. ఆమె పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే ఉంది. సంగీత చదువు తల్లి జీతం మీదే ఉంది.

ముంతాజ్ అందరినీ వరండాలో కూర్చోబెట్టి చిన్న కప్పుల్లో పొగలు కక్కే అరబ్బు కాఫీ, కహ్వా పోసింది. "చెప్పు బేటీ," అంది శాంతవ్వతో.

"నేను అన్నం పెట్టలె. సారు కారు ఎనుకకు తీసిండు, మేక కింద పడ్డది. సారు దిగి సూసిండు. మల్ల ఎక్కి పోయిండు."

అందరి కప్పుల్లో కహ్వా గడ్డకట్టింది. గుజరాతీ ఆయన మీసం కప్పుకి అతుక్కుపోయింది.

"కాఫీ చల్లారితే సాక్ష్యమా?" అన్నాడు సుబ్బారావు. "పనిమనిషి మాటా నా మాటా ఒకటేనా?"

మూడు వేసవులు ఆమె మాటతో స్నానాలు చేసిన పెద్దమనుషులు ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. అందరూ చెప్పుల్లో వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నారు. ఆవిడ నీళ్ళు కావాలి, ఆవిడ మాట మాత్రం అక్కర్లేదు. ఒళ్ళు మండిపోదూ!

"మాస్టారూ, పేరు వెనక పెట్టే మాటేదో ఉందన్నావట. మీవాళ్ళు అది ఎవరికిచ్చేవాళ్ళు?" అంది ముంతాజ్.

"పోయినవాళ్ళకి," అన్నాడు నస్రీ ఇబ్బందిగా. "గుండెని తూచి, అబద్ధం లేదని తేలితే, సమాధిలో పేరు వెనక రాసేవాళ్ళు."

"బతికున్నవాళ్ళకో?"

"ఇవ్వడం చాలా అరుదు."

శాంతవ్వకి అంతసేపూ రాని కోపం అప్పుడొచ్చింది. "అంటే నేను సచ్చినంక నమ్ముతరా? అప్పుడు మీ నీళ్ళు ఎవరు సల్లబెడ్తరు?"

ముంతాజ్ గడ్డలు పారబోసి మళ్ళీ వేడి కహ్వా పోసింది. చిట్టి తన కప్పులోంచి లేస్తున్న పొగనే చూస్తూ కూర్చుంది. సుబ్బారావు ఆమె వైపు గుడ్లురిమాడు.

"అప్పుడు నేను బాల్కనీలో బట్టలారేస్తున్నాను," అంది చిట్టి, కప్పుకే చెబుతున్నట్టు. "తొక్కించింది ఈయనే. శాంతవ్వ గారు చెప్పిందే నిజం."

చిట్టి కప్పులో పొగ ఆగిపోయింది. శాంతవ్వ చేసినంత చల్లగా కాదు, పెదవి కాలకుండా తాగేంత. చిట్టి తాగింది.

ముంతాజ్ సుబ్బారావు ముందు చెయ్యి చాపింది. "పాస్‌పోర్టు."

శాంతవ్వ వీసా ముంతాజ్ పేరు మీదికి మారింది. బకెట్ల వరస కింది వాటాకి మారింది. మరుసటేడు సంగీత నర్సయింది.

సుబ్బారావు కూడా ఒకరోజు బకెట్టు మోసుకుని దిగాడు. "నా మాటెందుకు సారు," అంది శాంతవ్వ, పీట వేస్తూ. "మీరే ఉన్నమాట ఒక్కటి చెప్పుండ్రి."

ఆయన ఇంకా అక్కడే కూర్చున్నాడు. బకెట్టు సలసలా మరుగుతోంది.