అల్లుడు గారు తెచ్చిన డబ్బా

అల్లుడికి మర్యాద చెయ్యడంలో నరసాపురం ఆంజనేయరాజు గారి ఇంటిని మించిన ఇల్లు లేదు. అల్లుడు కారు దిగేలోపు వరండాలో కుర్చీ పడుతుంది. కుర్చీలో కూర్చునేలోపు కాఫీ వస్తుంది. కాఫీ తాగుతుంటే ఫ్యాను గాలి చాలడం లేదేమోనని ఒకరు, ఎక్కువైందేమోనని ఒకరు వచ్చి చూసి పోతారు. అంత మర్యాద మధ్య మనిషికి ఊపిరాడుతోందో లేదో మాత్రం ఎవరూ చూడరు.

శ్రీనివాసరాజు ఆ ఇంటికి ఒక్కగానొక్క అల్లుడు. భీమవరం అవతల అతనికి రొయ్యల చెరువులున్నాయి. భార్య ప్రణతి తొలి కానుపుకి పుట్టింటికి వచ్చి ఆడపిల్లని కన్నది. పాపని అందరూ చిన్ని అంటున్నారు. అతను ప్రతి గురువారం వచ్చి ఆ కుర్చీలో కూర్చుని వెళ్ళేవాడు. కుర్చీకీ బాలింత గది గుమ్మానికీ మధ్య ఆరడుగులుంటుంది. చిన్ని ఏడుపు వినపడేది. ప్రణతి గొంతు వినపడేది కాదు. లేచి అటు ఒక అడుగు వేస్తే చాలు, అత్తగారు సూర్యకాంతమ్మ గారు కంగారు పడిపోయేవారు.

"అయ్యో, మీరెందుకండీ లోపలికి? వేడీ, వాసనలూను. పాపని నేనే తెస్తానండి, మీరు కూర్చోండి."

నిజం చెప్పాలంటే అతనికీ లోపలికి వెళ్ళాలని లేదు. కానుపు ఆపరేషన్ రోజున కాగితాల మీద సంతకాలు పెట్టి, రక్తం కావాలంటే పరిగెత్తి, వరండాలో నాలుగు గంటలు నిలబడ్డాక అతనిలో ఏదో మొద్దుబారిపోయింది. బిడ్డని చేతుల్లో పెడితే, ఎవరో కాసేపు పట్టుకోమని ఇచ్చిన సామానులా పట్టుకున్నాడు. అంతా తండ్రి పోలికే అన్నారు. నవ్వాడు. ఏమీ అనిపించలేదు. అనిపించడం లేదని నలుగురికీ తెలిసిపోతుందేమోనని మాత్రం భయమేసింది.

అందుకని చేతికి తెలిసిన పని ఒకటి వెతుక్కున్నాడు. రొయ్యల రైతుకి బాగా తెలిసిన పని మేత. చెరువులో మేత చల్లినప్పుడు, తాడు కట్టి నీళ్ళలో దింపిన చెక్ ట్రేలో కూడా గుప్పెడు వేస్తారు. రెండు గంటలాగి ట్రే పైకి లాగితే రొయ్య తిన్నదెంతో మిగిల్చిందెంతో కళ్ళకి కనపడుతుంది. మిగిలిందా, తర్వాతి పూట మేత తగ్గించేస్తారు. పదేళ్ళుగా అతను నమ్మింది ఆ ట్రేనే. కంటికి కనపడనిది అతని లెక్కలో లేనట్టే.

రెండో గురువారం చిన్ని గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఎంత తాగిందండీ?" అని అడిగాడు.

"తాగిందండి," అన్నారు సూర్యకాంతమ్మ గారు.

"తాగిందంటే, ఎంత?"

ఆవిడ బిత్తరపోయారు. ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషే, కానీ ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

మూడో గురువారం అతను పాలపొడి డబ్బా, గీతలున్న సీసా పట్టుకొచ్చాడు. "దీంతో అయితే ఎంత తాగిందో తెలుస్తుందండి. అర్ధాకలితో ఉండదు," అన్నాడు. ఆవిడ ఒక్కసారి గది గుమ్మం వైపు చూసి, డబ్బాని రెండు చేతులా అందుకున్నారు. "ఆయ్, అలాగేనండి," అన్నారు.

ఇక రోజూ చెరువు గట్టు మీద నుంచి ఫోను. అరవై ఎం.ఎల్. కలిపితే యాభై తాగింది, డెబ్భై కలిపితే మొత్తం తాగింది. ఆ అంకెలు వింటుంటే తండ్రిగా ఏదో చేస్తున్నట్టే ఉండేది. ప్రణతితో మాట్లాడితే "బాగున్నానండి" అనేది, అంతే. ఒక్కసారి మాత్రం, "నాకు పాలు తగ్గిపోతున్నాయండి," అంది. "పర్వాలేదులే, డబ్బా ఉందిగా," అన్నాడు. ఆ తర్వాత ఆమె ఆ ఊసెత్తలేదు. అవతల సూర్యకాంతమ్మ గారు పాలు పడాలని కూతురికి సొరచేప పుట్టూ, తెలగపిండి మునగాకు కూరా వండి పెడుతూనే ఉన్నారు. పెట్టిన చేత్తోనే వెళ్ళి డబ్బా పాలు కలుపుతూనే ఉన్నారు.

నెలన్నర టీకాకి అతనే ముగ్గురినీ కార్లో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళు వరుసలో ఉండగా జ్ఞానప్రకాశం అనే పెద్ద వయసు మగ నర్సు వచ్చి తండ్రులందరినీ పక్కగదిలోకి తోలాడు. అతని చంకలో గుడ్డబొమ్మ ఒకటుంది.

"మీకే క్లాసు బాబూ. ఫోన్లు జేబుల్లో పెట్టండి. పాలిచ్చేది ఆవిడే, కానీ పాలు ఎండిపోవడంలో సగం పుణ్యం మనదేనండి."

కొందరు నవ్వారు. శ్రీనివాసరాజు నవ్వలేదు. జ్ఞానప్రకాశం బొమ్మని రొమ్ముకి ఎలా పట్టించాలో, నడుం వెనక దిండు ఎలా పెట్టాలో, పాపని తేనిపించడం తండ్రి పనెందుకయిందో చూపించాడు. తర్వాత అన్నాడు.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు కదండీ. పాల సంగతిలో అది అక్షరాలా నిజం. బిడ్డ చీకితేనే ఒళ్ళు పాలు తయారుచేస్తుంది. మీరు డబ్బాతో కడుపు నింపేశారనుకోండి, బిడ్డ అడగదు. రొమ్ములో పాలు మిగిలిపోతాయి. ఓహో, అక్కర్లేదన్నమాట అనుకుని ఒళ్ళు తగ్గించేస్తుంది."

శ్రీనివాసరాజు బెంచీ మీద కదలకుండా కూర్చున్నాడు. మిగిలితే తగ్గించడం. ఆ పని అతను రోజుకి నాలుగుసార్లు చేస్తాడు. ప్రణతి ఒంట్లో కూడా ఒక ట్రే ఉంది, అది పూటపూటా పైకి లేస్తోంది, లేచినప్పుడల్లా అందులో మేత మిగిలే ఉంది. మిగిలేలా చేసింది తను. దాదాపు నెల రోజుల పాటు, ఫోను చేసి మరీ.

"తగ్గినవి మళ్ళీ వస్తాయాండీ?" అని అడిగాడు.

"రావచ్చండి, కష్టపడాలి. ప్రతిసారీ ముందు రొమ్ము, తర్వాతే సీసా. సీసా ఒక్కసారే మానకండి, బరువు చూసుకుంటూ మెల్లిగా తగ్గించాలి. ఆవిడ పక్కన మనిషుండాలి. అంటే ఆవిడ అమ్మ కాదు, మీరు."

ఇంటికొచ్చాక వరండాలో కుర్చీ పడింది, చేతికి కాఫీ వచ్చింది. అతను కూర్చోలేదు.

"అత్తయ్య గారూ, నేను డబ్బా తెచ్చిన రోజు ప్రణతికి పాలు లేవా?"

సూర్యకాంతమ్మ గారు కొంగు సర్దుకున్నారు. "ఉన్నాయండి."

"సరిపడానా?"

"సమృద్ధిగా ఉండేవండి. పసిపిల్లలు ఊరికే కూడా ఏడుస్తారండి."

"మరి చెప్పలేదేంటండీ?"

"అల్లుడు గారు అంత ప్రేమగా తెచ్చారు కదండీ," అన్నారావిడ, అందులో వింతేముందన్నట్టు. "వాడకపోతే మర్యాదగా ఉండదనీ..."

"తప్పు నాదండి."

"అయ్యయ్యో, అంత మాటనకండి! మీ తప్పేంటండీ, దాని ఒళ్ళే అంత!"

చేసిన తప్పుని కూడా అల్లుడి చేతికి ఇవ్వరు ఆ ఇంట్లో. కూతురి నెత్తిన పెడతారు. శ్రీనివాసరాజు కాఫీ గ్లాసు కుర్చీలో పెట్టి ఆ ఆరడుగులూ నడిచి లోపలికి వెళ్ళాడు. ఈసారి ఆవిడ ఆపబోయి, మొహం చూసి ఆగిపోయారు.

ప్రణతి మంచం మీద గోడకి ఆనుకుని కిటికీ వైపు చూస్తోంది. ఒళ్ళో చిన్ని ఉంది. అతన్ని చూసి లేవబోయింది.

"నేను డబ్బా తెచ్చిన రోజు..." అన్నాడు.

"ఆ రోజు నా జాకెట్టు తడిసిపోయుందండి," అంది ప్రణతి. కోపం లేదు, ఏడుపు లేదు, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. "మీరు వరండాలో అమ్మకి డబ్బా ఇస్తున్నారు. గుమ్మం ఇవతల నిలబడి విన్నాను."

"ఒక్క మాట చెప్పాల్సింది."

"మీరు నన్ను అడగలేదు కదండీ."

అడగందే అమ్మైనా పెట్టదన్న జ్ఞానప్రకాశం మాట అతనికి ఇప్పుడు తగిలింది. నెలన్నరలో ఎంత తాగింది, ఎంత మిగిలింది అని వందసార్లు అడిగాడు. ఈ మనిషిని ఒక్కటీ అడగలేదు.

"నువ్వేమైనా తిన్నావా?" అన్నాడు.

ప్రణతి అర్థం కానట్టు చూసింది. "లేదండి," అంది.

ఆ రోజు అతను వెనక్కి వెళ్ళలేదు. మేత సంగతి ఫోనులో పనివాళ్ళకి అప్పగించాడు. అల్లుడు పక్కనే కూర్చుని భార్యకి ముద్దలు కలిపి పెడుతుంటే వంటింట్లో సూర్యకాంతమ్మ గారికి చెమటలు పట్టాయి. చిన్నికి రొమ్ము పట్టడం మరుపైపోయింది. మొహం తిప్పుకునేది, రెండుసార్లు చప్పరించి గోల పెట్టేది. ప్రణతి ప్రతిసారీ, "పాలు లేవండి, వదిలెయ్యండి," అనేది. అతను దిండు సర్ది, ఆమె నడుముకి తన చెయ్యి ఆసరా పెట్టి కూర్చునేవాడు. చెయ్యి తిమ్మిరెక్కేది. తీసేవాడు కాదు. ధైర్యంగా కాదు, ఆశతోనూ కాదు. తీస్తే ఇంకేం చెయ్యాలో తెలియక. ఆ తర్వాత సీసా. తర్వాత పాపని భుజానేసుకుని తేనుపు వచ్చేదాకా నడక. అలా ఎనిమిది రోజులు. మధ్యలో ఒకసారి ఆసుపత్రికి వెళ్ళి బరువు తూయించి, సీసాలో ఒక గీత తగ్గించారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం చిన్ని ఎడమవైపు పట్టుకుంది, వదల్లేదు. దవడ కదులుతోంది. గుటక చప్పుడు వినపడింది. ఎంత తాగిందోనని నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాడు.

"అండీ," అంది ప్రణతి మెల్లిగా. "పాలు చేపుకొస్తున్నాయి. కుడివైపు జాకెట్టు తడిసింది."

చూశాడు. రూపాయి బిళ్ళంత తడి. చూస్తుండగానే ఇంకాస్త పాకింది. చిన్ని అరికాలు అతని చేతికి తగులుతోంది, అది వెచ్చగా ఉందని అప్పుడు తెలిసింది. శ్రీనివాసరాజుకి ఏడుపొచ్చింది. ఆపరేషన్ రోజు నుంచి రావలసినదంతా ఒక్కసారే వచ్చింది.

గుమ్మం అవతల కాఫీ గ్లాసు చప్పుడైంది.

"కళ్ళు తుడుచుకోండి," అంది ప్రణతి. నెలన్నర తర్వాత ఆమె పెదవి మీద కొద్దిగా నవ్వు కదిలింది. "అమ్మ చూస్తే మీకేదో మర్యాద తక్కువైందనుకుంటుంది."