ఆయన చొక్కా

తెల్లారి లేవగానే మా ఆయన ముందురోజు విడిచిన చొక్కా వెతికి తొడుక్కునేదాన్ని. చంకల్లో చెమట, కాలరు నిండా లవంగాల సిగరెట్టు వాసన. ఆ తరవాతే చిలక పిల్లకి మేత. పిండి గోరువెచ్చగా జావలా కలిపి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని, చెంచాతో నోట్లో పోసేదాన్ని. మేత పెట్టిన మనిషికే పిట్ట మాలిమి అవుతుంది. ఇది మాత్రం నాకు కాదు, ఆయనకి మాలిమి కావాలి. చొక్కా ఉపాయం చెప్పింది మా అత్తయ్యే. "వాడి వాసన అలవాటు చెయ్యవే వెనింగ్. మీ మామగారి గువ్వకి నేనూ అలాగే చేశాను" అంది.

మా జావాలో మగాడు నిండు మనిషి అనిపించుకోవాలంటే ఇల్లు, ఆలి, గుర్రం, కత్తి, పిట్ట ఉండాలట. గుర్రానికి బదులు మా ఆయన ప్రనోతోకి మోటారు సైకిలుంది, తాతల నాటి కత్తి బీరువాలో ఉంది. ఆఫీసులో పై పదవి రాగానే పిట్టా వచ్చింది. రాడెన్ అని దొరగారి పేరొకటి పెట్టి, "దీన్ని చూసుకోవడం ఎంత పని?" అంటూ నా చేతిలో పెట్టారు. ఎంత పనంటే రోజుకి నాలుగు మేతలు. అందుకే బుట్టలో పెట్టుకుని నేను పనిచేసే బాతిక్ కార్ఖానాకి కూడా తీసుకెళ్లేదాన్ని. "గుడ్డ మీద మైనం గీస్తున్నావా, పిట్టకి పురుడు పోస్తున్నావా?" అనేవాడు మేస్త్రీ. అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని, లోపల ఒళ్లు మండిపోతున్నా.

ఆయన సాయంత్రం అయిదు నిమిషాలు ఈల వేసేవారు. వేలు చాపితే అది పొడిచేది. "ఆదివారం ఆఫీసువాళ్లు వస్తున్నారు. వాళ్ల ముందు నా వేలి మీద వాలకపోతే సోమవారం దీన్ని పిట్టల బజారులో తిరిగిచ్చేస్తా" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు అన్నం సహించలేదు. బజారులో ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇరుకు పంజరాలే కళ్లముందు. మేత పెడుతూ దాని చెవిలో ఆయన పేరే చెప్పేదాన్ని. ఆయన దగ్గరికి వెళ్లవే తల్లీ అని బతిమాలేదాన్ని. అది వెళ్లిపోతే నాకేం మిగులుతుందన్న ఆలోచన వస్తే, గబగబా గిన్నె కడిగేసేదాన్ని.

ఆదివారం ఆయనకి నేను తొడుక్కుని మేత పెట్టిన చొక్కానే ఉతక్కుండా ఇస్త్రీ చేసి ఇచ్చాను. నేను మంచి జాకెట్టు వేసుకుని వంటింట్లో అరటికాయ బజ్జీలు వేస్తున్నాను. ముందు గదిలో ఈల. మళ్లీ ఈల. ఎవరో దగ్గారు. టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని గుమ్మం దాటానో లేదో, రాడెన్ ఆయన మీదుగా ఎగిరొచ్చి నా భుజం మీద వాలి, నా చెవి దుద్దు కొరికింది.

"ప్రనోతో గారూ, అసలు యజమాని ఎవరో దానికి తెలిసిపోయింది!" అన్నాడొకాయన. అందరూ పగలబడి నవ్వారు. వాళ్లు వెళ్లాక ఆయన నవ్వలేదు. "కావాలనే నీవైపు తిప్పుకున్నావ్. రేపు పొద్దున్నే బజారుకి" అని లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు.

నేను గ్లాసులు కడుగుతుంటే అత్తయ్య వచ్చి పక్కన నిలబడింది.

"మీ మామగారి గువ్వ ఆయన పోయిన వారానికే చచ్చిపోయింది, తెలుసా?" అంది.

"తెలుసత్తయ్యా. బెంగతో మేత మానేసిందట కదా. యజమాని మీద అంత ప్రేమని ఇప్పటికీ చెప్పుకుంటారు."

"చెప్పుకుంటారు." కడిగిన గ్లాసు అందుకుని తుడిచింది. "ఆయన పోయాక నేను ఆయన చొక్కా వేసుకోలేదే. పదకొండేళ్లు మేత పెట్టాను. నా ఒంటి బట్టలతో వెళితే నేనెవరో దానికి తెలియలేదు."

నా చెవి ఇంకా చురుక్కుమంటోంది. చొక్కా ఆయన ఒంటి మీద ఉంది. అయినా అది నన్నే గుర్తుపట్టింది.

పొద్దున్నే నా జాకెట్టుతోనే మేత కలిపాను. చెంచా చూపించగానే రాడెన్ నోరు తెరిచింది. మా ఆయన స్నానాల గదిలో ఉండగానే దాన్ని బుట్టలో పెట్టుకుని కార్ఖానాకి బయల్దేరాను. "అడిగితే నేను చెప్తాలే, వెళ్లు" అంది అత్తయ్య.

వెళ్లేముందు దాని ఖాళీ పంజరంలో ఆయన చొక్కా మడిచి పెట్టాను. ఉతకలేదు.