గడువు అడగని కొట్టు

సాయంత్రానికి ఆమె కాళ్లు పీకుతున్నాయి. పొద్దుటి నుంచీ రంగుల కొట్టులో డబ్బాల వాసన పీల్చి తల దిమ్మెక్కింది. కంప్యూటర్ ముందు కూర్చున్న మరిది ఆవులిస్తూ పిలిచాడు.

“వదినా, ఫ్యాక్టరీ నుంచి మెయిలొచ్చింది. బ్యాంకు మార్చారట. ఇవాళ మనం కట్టాల్సిన డబ్బు కొత్త ఖాతాలో వేయమంటున్నారు. వేసేయనా?”

“ఆగు. రాసిందెవరు?”

“ఫ్యాక్టరీ పెద్దాయనే. కింద పేరుంది, మన బిల్లు నంబరూ ఉంది. ఇంకేం కావాలి, ఆయనొచ్చి నీ ఎదురుగా కూర్చోవాలా?”

అది సీజనంతా అమ్మిన సరుకు తాలూకు డబ్బు. పోతే కొట్టు మళ్లీ లేవదు. ఒక్క ఫోన్‌తో తేలిపోయే సంగతే. కానీ ఆ వ్యాపారంలో చెల్లింపు రోజున సరుకిచ్చినవాళ్లకి ఫోన్ చేస్తే, గడువు కోసమే చేశారనుకుంటారు. భర్త బతికినన్నాళ్లూ ఆ రోజున ఫోన్ ముట్టలేదు. ఆయన పోయాక ఆమె కూడా ముట్టలేదు. బజారులో ఆ కొట్టు పరపతంతా అదే.

“మెయిల్లోనే అడుగుదాం,” అన్నాడు మరిది.

“రాసింది దొంగవాడైతే, ఖాతా మార్చలేదని జవాబిస్తాడట్రా?”

“ఫోన్ చేస్తే మాత్రం? రేపు బజారంతా మన దివాలా గురించే మాట్లాడుకుంటారు.”

ఆమె మెయిల్లో ఉన్న నంబరు వదిలేసి, పాత బిల్లు మీద అచ్చయిన నంబరు నొక్కింది. ఫ్యాక్టరీ గుమాస్తా ఎత్తి, పెద్దాయనకిచ్చాడు.

“ఏమ్మా, చేతిలో డబ్బాడటం లేదా? ఎన్నాళ్లు ఆగమంటావు?”

ఆమె ఆ మాట మింగింది. “డబ్బు సిద్ధంగానే ఉంది బాబాయిగారూ. మీరు ఖాతా మార్చారా?”

“నేనా? లేదే!” అన్నాడాయన. “అదా సంగతి! ఇవాళ రావలసిన డబ్బు ఒక్కరి దగ్గర్నుంచీ రాలేదమ్మా. ఒక్కడైనా ఫోన్ చేయలేదు చూడు!”

ఎందుకు చేస్తారు, అనుకుందామె. డబ్బు పాత ఖాతాకే పంపించింది.

ఆ వారంలోనే, ఎప్పుడూ అరువిచ్చే బ్రష్షుల వ్యాపారి బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. మనిషి దిగాడు గాని, సరుకు దించలేదు.

“అక్కా, ఈసారి నగదిస్తేనే. మీరు గడువడిగారని ఫ్యాక్టరీ గుమాస్తా అన్నాడు.”

మరిది గయ్యిమన్నాడు. “ఎవడ్రా అడిగింది? అసలేం జరిగిందంటే...”

“ఊరుకో. ఎంతమందికని చెప్తావు?” అంటూ ఆమె గల్లాపెట్టె తెరిచింది. నగదు కొనుగోలులో తరిగే లాభం ఒకవైపు, మునగకుండా నిలిచిన కొట్టు ఒకవైపు వేసి చూసుకుంది. బేరం గిట్టినట్టే ఉంది.

“దించమను,” అంది నడుం పట్టుకుని కూర్చుంటూ.