మూడు రోజుల నీళ్లు

మా వంటింటి కిటికీలో నాలుగు మరువం కుండీలు, వాకిట్లో దవనం, పుదీనా, రుద్రజడ ఉన్నాయి. పొద్దున్నే వాటికి నీళ్లు పోయడంతోనే నా రోజు మొదలవుతుంది. మట్టి తడిసి వాసన లేస్తుంటే అమ్మవారికి దండం పెట్టుకుంటాను. ప్రతి శుక్రవారం మదనపల్లెలో మా వీధి గుడికి ఈ మరువం, దవనంతోనే మాల కట్టి పంపుతాను. పెళ్లయిన పదకొండేళ్లలో ఎవరూ చెప్పకుండా నేను ఇష్టంగా పెట్టుకున్న పని ఇదొక్కటే.

కానీ నెలకు మూడు రోజులు ఆ కుండీలను తాకకూడదు. "ముట్టయినప్పుడు చెయ్యి తగిలితే మరువం మాడిపోతాది" అంటుంది మా అత్తమ్మ సరోజమ్మ. ఆ మూడు రోజులూ వంట మాత్రం నేనే చేస్తాను. మా ఆయన గురుమూర్తికి క్యారియర్ కడతాను, అందరి బట్టలూ ఉతుకుతాను. మరువం పక్కనే నిలబడి పోపు పెడతాను. నా చేతి అన్నానికి లేని మైల నా చేతి నీళ్లకు ఎలా వచ్చిందని అమ్మవారిని చాలాసార్లు అడిగాను, అత్తమ్మను అడగలేదు. ఆ రోజుల్లో నీళ్లు ఆయన పోస్తాడు. బకెట్టెడు ఒక్కసారే కుమ్మరించి, "నీ అడివికి పోసేసినాలే" అంటాడు. వేళ్లు తేలిపోయి సగం మొక్కలు కుళ్లేవి.

ఈ చైత్రంలో అత్తమ్మా, ఆయనా కుప్పంలో గృహప్రవేశానికి బయలుదేరారు. సరిగ్గా ఆ పొద్దున్నే నాకు బయటైంది. "నువ్వు ఈడనే ఉండు. పక్కింటి మసూదాకు చెప్పు, ఆయమ్మి పోస్తాది" అని చెప్పి అత్తమ్మ బస్సెక్కింది.

మధ్యాహ్నానికి దవనం తలలు వాల్చేసింది. గోడ మీంచి మసూదాను పిలిచాను. సంగతి విని నవ్వింది.

"పోస్తాలే అక్కా. ఒకటడుగుతా. మేం గూడా ఆ దినాల్లో నమాజు సదవం. పుదీనాకు యాల నీళ్లు పోయగూడదు? అదేమన్నా నమాజు చేస్తాందా?"

నాకూ నవ్వొచ్చింది. "నువ్వు రావద్దులే మసూదా, నేనే చూసుకుంటా" అన్నాను.

అన్నానే గానీ మగ్గు ముంచి కూడా కుండీల ముందు ఆగిపోయాను. మొక్కలు ఎండితే శుక్రవారం మాల ఉండదు, అత్తమ్మ మాటే నిజమైపోతుంది. 'తల్లీ, తప్పయితే నన్ను దండించు, వీటినేం చేయొద్దు' అనుకుంటూ మొదళ్లు తడిసేంత పోశాను. సాయంత్రానికి దవనం లేచి నిలబడింది. మిగతా రెండు రోజులూ అలాగే పోశాను. నాలుగో రోజు మరువం కొత్త చిగురు వేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మవారిని, మసూదాను కలిపి తలుచుకుని దండం పెట్టుకున్నాను.

ఊరినుంచి రాగానే ఆయన స్నానానికి పోయాడు. అత్తమ్మ ఒక చిగురు తుంచి నలిపి వాసన చూసింది. "మసూదా చెయ్యి మంచిది సూడు. ఎంత ఘాటుగా ఉండాదో!"

"మసూదా కాదత్తమ్మా. నేనే పోసినా, మూడు దినాలూ."

ఆమె నన్ను చూసింది, కుండీలను చూసింది. చేతిలోది పారేస్తుందనుకున్నాను. ఇంకోసారి వాసన చూసి, కొప్పులో పెట్టుకుంది. "వాడికి చెప్పాకు" అంది మెల్లగా.

అంత మాటకే ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది. అయినా నిలబడే ఉన్నాను.

"చెప్తానత్తమ్మా" అన్నాను. "వచ్చే నెల గూడా నేనే పోస్తా గదా."