జానెడు అంచు

టైలరుగారి కుట్టుమిషను కవిత్వం చెబుతుందని ఆ సందులో అందరికీ తెలుసు. తొక్కితే చెబుతుంది, ఆపితే ఆగుతుంది. ఒక్కో బట్టకు ఒక్కో పద్యం. ఆఖరి కుట్టుతో ఆఖరి పాదం. పిల్లల గౌన్లకు అల్లరి పద్యాలు, లాయర్ల కోట్లకు కాస్త గంభీరమైనవి. దిండు గలీబులకు మాత్రం నోరు విప్పదు. "దానికీ ఓ స్థాయి ఉంటుందిగా," అనేది టైలరు భార్య. ఓపికున్న గిరాకీలు వినేవాళ్లు, లేనివాళ్లు గుండీలు ఏరుకునేవాళ్లు.

ఆ ఏడు టైలరుకు కడుపులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే సగం ఆశ ఉందన్నాడు డాక్టరు. టైలరు ఆ సగాన్ని లెక్కచెయ్యలేదు. తిండి మానేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"తెల్లచొక్కా ఒకటి కుట్టిపెట్టు," అన్నాడు భార్యతో. "పోయాక తొడగడానికి."

ఆవిడకు ఒళ్లు మండింది. అయినా గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసింది. మొగుడి కొలతలు ఏనాడూ చూసుకోలేదు, వేళ్లకే తెలుసు. ఆ వేళ్లే పొరపాటు చేశాయి. చిక్కి సగమైన మనిషి మంచంమీద ఉండగా, పెళ్లినాటి నుంచి చూస్తున్న నిండు మనిషికి కత్తిరించేసింది.

కుట్టడం మొదలెట్టగానే మిషను గొంతెత్తింది. ఎదురుగా ఇస్త్రీ చేసే అతను పెట్టె పక్కన పెట్టి మరీ విన్నాడు.

"వచ్చిందా? రానీ, వాకిట్లోనే నిలబడనీ.
చెప్పులు విప్పొద్దని చెప్పు దానికి.
నా ఆకలి తీరలేదు, నా పాట కాలేదు,
పిలవకుండా వచ్చినదానికి పీట వెయ్యను."

కింది అంచు ఇంకో జానెడు ఉందనగా ఆవిడ ఆపి, చొక్కా మొగుడికి తొడిగి చూసింది. భుజాలు మోచేతుల దాకా జారాయి.

"ఎవరిదే ఇది? ఇద్దరు దూరొచ్చు," అన్నాడు టైలరు.

"మీదే."

"నా కొలతలు మరిచిపోయావా?"

"మరిచింది మీరు."

టైలరు అద్దంలో చూసుకున్నాడు. ఊరందరికీ ఒంటికి అతికినట్టు కుట్టిన మనిషి. ఈ వేషంలో పోతే పరువేం కాను?

"లోపలికి పట్టు," అన్నాడు.

"పట్టను. చొక్కా ఇంతే. మీరే సరిపోవాలి."

ఆయన జారిన భుజాలు పైకి లాక్కున్నాడు. తర్వాత "పీట వెయ్యను" అని తనలో తానే గొణుక్కుని, తినడానికేముందని అడిగాడు. ఆ వారమే ఆపరేషన్‌కు తన కాళ్లమీద తనే నడిచి వెళ్లాడు.

కోలుకున్నాడు. చొక్కా నిండింది. భార్య అంచు పూర్తి చెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనీ. చివరి పాదానికి ఇప్పుడేం తొందర?"

ఆ దారం అలా వేలాడుతుండగానే చాలా ఏళ్లు తొడిగాడు. మనవరాలికి గుండీలు కుట్టడం నేర్పాడు, గిరాకీలతో పోట్లాడాడు, మిషనుతో గొంతు కలిపి పద్యాలు పాడాడు. ఒక మధ్యాహ్నం, చెవిమీద సుద్దముక్కతో, నవ్వుతూనే పోయాడు.

భార్య ఆ చొక్కా తెచ్చి, మిషను ముందు కూర్చుని, మిగిలిన జానెడూ తొక్కింది. మిషను మెల్లగా చెప్పింది:

"పాట అయింది. పీట వేశాను, లోపలికి రా."

ఆవిడ ఏడ్చింది. కళ్లు తుడుచుకుని మిషనుమీద చెయ్యి వేసింది. "ఇన్నేళ్లు దాన్ని వాకిట్లోనే నిలబెట్టావు. చల్లగా ఉండు తల్లీ," అంది.

చొక్కా ఆయన ఒంటికి అచ్చంగా సరిపోయింది.