వెనకాల నిలబడ్డ మనిషి

బ్రేకు లైట్లు చూడాలంటే ఇద్దరుండాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు కారు వెనకాల నిలబడి వెలిగిందో లేదో అరిచి చెప్పాలి. కరెంటక్క షెడ్డులో పొద్దున్నే మొదలయ్యే కేకలు ఇవే. "తొక్కు!" "వెలిగింది!" "వదులు!" "ఆరింది!" అక్క అసలు పేరేమిటో ఆ వీధిలో ఎవరికీ పట్టలేదు. కార్ల వైర్లు చూస్తుంది కాబట్టి కరెంటక్క. ముట్టుకుంటే కొడుతుంది కాబట్టి కూడా.

ఆ రోజు లోపల కూర్చున్నది మొగుడు, వెనకాల నిలబడ్డది పెళ్లాం.

"తొక్కాను, చెప్పు!"

"లేదండీ."

"సరిగ్గా చూసి ఏడు."

"చూస్తున్నానండీ. వెలగలేదు."

ఈమధ్య వెనక వచ్చే బళ్లవాళ్లు అతన్ని తిట్టని రోజు లేదు. బ్రేకు వేస్తే లైటు రాదు, వెయ్యనప్పుడు భగ్గుమంటుంది. చెల్లెలింటికి తీసుకెళ్తానని ఆమెని బయల్దేరదీసి, దారిలో షెడ్డు కనపడితే ఆపాడు. అంతకు ముందే ఆమె చెవి మీద ఒకటి పడింది, అద్దం ఎందుకు దించావని.

అక్క బల్బులు విప్పి చూసింది. బాగానే ఉన్నాయి. ఫ్యూజు లాగి వెలుతురుకి పట్టింది. అదీ బాగానే ఉంది. పెడల్ కింద దూరి స్విచ్ మార్చింది, ఎర్తు వైరు తుప్పు గీకి మళ్లీ బిగించింది. ప్రతిసారీ మొగుడు తొక్కాడు, ప్రతిసారీ ఆమె "లేదండీ" అంది. అనేకొద్దీ గొంతు సన్నబడింది. వెలగనిది లైటే అయినా లేదని చెప్పే నోరు తనది. వాళ్లింట్లో ఏ వస్తువు పాడైనా దెబ్బ పడేది ఆ నోటి మీదే.

ఈసారి మొగుడు దిగి వచ్చాడు. నింపాదిగా వచ్చాడు. నింపాదిగా వచ్చిన రోజున గట్టిగా కొడతాడని ఆమెకి తెలుసు.

"కళ్లు దొబ్బాయా నీకు?"

చెంప మీద పడిన దెబ్బకి తల వెళ్లి డిక్కీ అంచుకి కొట్టుకుంది. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి జారింది.

రెండు లైట్లూ ఎర్రగా వెలిగాయి.

ఇంజన్ ఆపి ఉంది. తాళం అతని జేబులో ఉంది. పెడల్ దగ్గర పురుగైనా లేదు. ఆమె తల నిలబెట్టుకునేదాకా వెలిగి, అప్పుడు ఆరాయి.

"ఓహో, ఈ రకమా!" అంది కరెంటక్క, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. "ముందే చెప్పి చావొద్దూ? బంగారంలాంటి స్విచ్ పీకేశాను."

స్కూటర్ రిపేరుకిచ్చి బెంచీ మీద కూర్చున్న ముసలాయన తల ఊపాడు. "మా బావమరిది కారు హారన్ కూడా ఇంతేనమ్మా. వాళ్లమ్మ ఏడిస్తే మోగేది. పోరు పడలేక వదిలించుకున్నాడు."

"హారన్నా?"

"వాళ్లమ్మని."

అక్క ముసలాయన్ని ఒక చూపు చూసి, మొగుడి వైపు తిరిగింది. "నీ లైట్లు పెడల్‌ని వదిలేసి దెబ్బకి అలవాటు పడ్డాయి. కొత్త వైరు లాగాలి. సాయంత్రం దాకా కారు ఇక్కడ పెట్టు. ఇంకోసారి నా షెడ్డులో చెయ్యి లేచిందో, జాకీ రాడ్డు ఎక్కడ దిగుతుందో నాకే తెలీదు."

మొగుడు సగమే విన్నాడు. పళ్లు బయటపెట్టి నవ్వుతున్నాడు. "వైరెందుకు, దండగ! స్విచ్ నా పక్క సీట్లోనే కూర్చుంటుందిగా. బ్రేకు వేసినప్పుడల్లా ఒకటి తగిలిస్తే సరి. పద, ఎక్కవే."

ఇక్కణ్ణించి చెల్లెలింటికి ఎన్ని మలుపులున్నాయో ఆమెకి తెలుసు. ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో కూడా. అడ్డొచ్చే ప్రతి కుక్కకీ, దాటే ప్రతి మనిషికీ తన చెంప మీద ఒకటి.

ఆమె కదల్లేదు. ఎప్పుడూ ముందు సీట్లో కూర్చునే మనిషికి వెనక లైట్లు ఎలా కనపడతాయి? ఇవాళే చూసింది. ఇన్నాళ్లూ తను తిన్న దెబ్బలన్నీ రోడ్డుకి ఎర్రగా కనపడ్డాయన్నమాట. రోడ్డు చూసింది. చూసి కాస్త నెమ్మదించింది, పక్కకి తప్పుకుంది, దాటిపోయింది. లోకం చేసే సాయం ఆ మాత్రమే.

ఇంజన్ గర్జించింది. "ఎక్కమన్నానా!"

కాళ్లు అలవాటు కొద్దీ నడిచాయి. చెయ్యి తలుపు దాకా వెళ్లింది, అక్కణ్ణించి వెనక్కి వచ్చింది.

"నేను రాను."

"ఏమన్నావ్?"

"రానన్నాను."

అతను తలుపు తోసుకుని ఒక కాలు కింద పెట్టాడు. ఆ కాలికి ఎదురుగా కరెంటక్క జాకీ రాడ్డు పట్టుకుని నిలబడి ఉంది. ముసలాయన కూడా లేచాడు, ఆలోచించుకుని మళ్లీ కూర్చున్నాడు.

"ఇంటికి రాక ఎక్కడికి పోతావే?" అన్నాడు మొగుడు, కాలు లోపలికి లాక్కుంటూ. "తలుపులేసి చెప్తా నీ సంగతి. ఈ రాత్రికి నీ పీక నా చేతిలో ఉంటుంది."

"ఒరేయ్, షెడ్డు ముందున్న ఆ వాలు దిగకు!" అక్క అరిచింది. "ఇసుక లారీలు తిరుగుతాయి. ఆమె లేకుండా నువ్వు బ్రేకు వేస్తే వెనకవాడికి తెలీదు!"

"నోర్ముయ్!" అని అతను కారుని వాలులోకి దూకించాడు.

ఆమె అక్కడే నిలబడి చూసింది. వెనకాలే లారీ. వాలు చివర ఒక సైకిలు అడ్డంగా వచ్చింది. కారు ముక్కు కిందికి వంగింది, వెనక లైట్లు నల్లగానే ఉన్నాయి. ఆమెకి స్పష్టంగా కనపడింది. అరిచి చెప్పడమే ఆమె పని. చెప్పలేదు.

లారీ కారుని ఎత్తుకుపోయి రాతి గోడకి అదిమింది. రేకు చిరిగిన చప్పుడు, అద్దాల చప్పుడు, ఆ తర్వాత తెగిన అరుపు ఒకటి. గునపాలతో తలుపు పీకేసరికి స్టీరింగ్ అతని ఛాతీలో దిగి ఉంది. నోట్లోంచి రక్తం బుడగలు కట్టి ఆగిపోయింది. ఒక చెయ్యి పక్క సీటు మీదికి విసిరినట్టే ఉండిపోయింది. ఖాళీ సీటు తోలు చిరిగి ఉంది. బాగా గట్టిగానే కొట్టినట్టున్నాడు.

"లైటే రాలేదు సార్, నా పిల్లల మీద ఒట్టు!" లారీ డ్రైవరు రోడ్డు మీద కూలబడి ఏడుస్తున్నాడు.

కానిస్టేబుల్ ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, కార్లో బ్రేకు లైట్లు పనిచెయ్యవా?"

"చేస్తాయి. ఆయన నన్ను కొడితే వెలుగుతాయి."

అతను ఆమె పెదవి చూశాడు, నుజ్జయిన కారు వెనక భాగం చూశాడు. ఇలాంటివి చూడనివాడు కాదు.

"మరి ఇవాళేమైంది?"

ఆమె గడ్డం మీది రక్తం కొంగుతో తుడుచుకుంది.

"నేను ఎక్కలేదు."